విలియం రాక్స్‌బర్గు

నిఘంటువు చేతనున్నచో తెలియని పదమునకు అర్థమును క్షణములో తెలిసికొనవచ్చును. కాని పొలము గట్టున పూచిన పేరెఱుగని మొక్క కంటబడినపుడు ఏ గ్రంథమును విప్పవలెను? ఒకే మొక్కను ఒక సీమవారు ఒక పేరుతోను, వేఱొక సీమవారు మఱియొక పేరుతోను పిలుతురు. ఒకే పేరు రెండు మూడు మొక్కలకు చెల్లుటయు కలదు. ఈ చిక్కును విడదీయుటకై జీవితమంతయు శ్రమించి, భారతదేశపు మొక్కలకు నిఘంటువు వంటి మహాగ్రంథమును కూర్చిన పండితుడు విలియం రాక్స్‌బర్గు. ఆయన విదేశీయుడు, వృత్తిచే వైద్యుడు. అయినను ఆయన కృషి వేళ్లూనినది మన తెలుగునేల మీదనే.

రాక్స్‌బర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమునందలి ఐర్‌షైరు సీమలో జన్మించెను. ఎడింబరో నగరమున విద్య నభ్యసించెను. ఆ కాలమున ఔషధములలో పెక్కు మొక్కల నుండియే లభించుచుండెను. కావున వైద్యము చదువువారికి వృక్షశాస్త్ర పరిచయము ఎంతయు అవసరమై యుండెను. అచ్చట జాన్ హోప్ అను ఆచార్యుడు లినీయసు పద్ధతిని బోధించుచుండెను. స్వీడను దేశీయుడైన లినీయసు 1753లో ప్రకటించిన గ్రంథమున సుమారు 6,000 జాతుల మొక్కలను వర్ణించి, ప్రతిదానికిని రెండేసి పదములు గల లాటిను పేరును నిర్ణయించెను. పూవులోని కేసరములను ప్రధానముగా గైకొని మొక్కలను 24 వర్గములుగా విభజించెను. అందుచే పేరు తెలియకున్నను, పూవును విప్పి కేసరములను లెక్కించినవాడు గ్రంథములో ఆ మొక్క తావును వెదకికొనగలడు. అక్షరక్రమమున కూర్చిన నిఘంటువు పేరు తెలిసినవానికి తోడ్పడును. ఈ పద్ధతి పేరు తెలియనివానికి దారి చూపును. ఈ తాళపుచెవి రాక్స్‌బర్గునకు చిన్ననాడే చేజిక్కినది.

ఆయన మొదట ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్యునికి సహాయకుడుగా పని చేసెను. 1776లో చెన్నపట్టణము చేరి కంపెనీ వైద్యశాఖలో ఉద్యోగియయ్యెను. రోగులను చూచి మిగిలిన వేళలలో తోటలును పొదలును తిరిగి మొక్కలను సేకరించుచుండెను. పూవులను ఎండబెట్టి కాగితములపై అతికించి, వాని లక్షణములను వ్రాసి యుంచుచుండెను. కాని వరద వచ్చి ఆ సేకరణమంతయు, ఆయన పుస్తకములతో సహా నాశనమయ్యెను. ఎన్నియో ఏండ్ల శ్రమ నీటిపాలైనది. మఱియొకడైనచో ఆ పనికి స్వస్తి చెప్పియుండును. రాక్స్‌బర్గు మరల మొదటి మొక్కతో ప్రారంభించెను.

1781లో ఆయనకు సామర్లకోటకు బదిలీ అయ్యెను. లినీయసు శిష్యుడైన కోనిగ్ పండితుడు ఆయనకు మిత్రుడు. దక్షిణదేశమున మొక్కలను పరిశోధించుచు తిరిగిన కోనిగ్ 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున తీవ్రముగా జబ్బుపడెను. రాక్స్‌బర్గు చెంతనుండి చికిత్స చేసెను గాని మిత్రుని బ్రతికించుకొనలేకపోయెను. కోనిగ్ నడచిన బాట తుదముట్టకుండ కాపాడవలసిన భారము అటుపిమ్మట ఆయన భుజములపై పడెను.

సామర్లకోటలో ఆయన మిరియము, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు మున్నగువానిని పెంచి పరీక్షించెను. గోదావరి ప్రాంతపు రైతులు చెఱకును సాగుచేయు విధమును శ్రద్ధగా గమనించి వ్రాసెను. కంపెనీవారు ఈ పనులను ప్రోత్సహించినది తమ వ్యాపార లాభము కొఱకే. అయినను 1791, 1792 సంవత్సరములలో ఉత్తర సర్కారులందు ఘోరమైన కఱవు సంభవించి అసంఖ్యాకులు ఆకలిచే మరణించినపుడు రాక్స్‌బర్గు దృష్టి వ్యాపారమును దాటిపోయెను. వానలు తప్పినను ప్రజల నాదుకొనగల కొబ్బరి, పనస, సగ్గుబియ్యపు చెట్టు మున్నగువానిని విరివిగా నాటింపుడని అధికారులకు వ్రాసెను. మొక్కను గూర్చిన జ్ఞానము మనుష్యుని ప్రాణముతో ముడిపడి యున్నదని ఆయన కన్నులార చూచెను.

ఆయన పనిలో మనము ముఖ్యముగా గుర్తింపదగినది మఱియొకటి కలదు. మొక్కకు లాటిను పేరు వ్రాసి ఊరకుండక, ఈ నేలపై పుట్టినవారు దానిని ఏమని పిలుతురో అడిగి ఆ పేరును కూడ ఆయన వ్రాసికొనెను. మోదుగ, చిరివేరు వంటి తెలుగు పేర్లు ఈ విధముగా శాస్త్రగ్రంథముల కెక్కినవి. మన్యపు అడవులలోని సోమిద చెట్టు బెరడు జ్వరమునకు పనికివచ్చునని విని, పరీక్షించుటకై దానిని ఇంగ్లండు దేశమునకు పంపెను. అది కొయినా చెట్టు బెరడునకు సాటి కాలేదు గాని, తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అనియే పేరిడిరి. ఒక తెలుగు మాట అట్లు ప్రపంచ వృక్షశాస్త్రమున నిలిచిపోయెను.

మొక్కల రూపములను వ్రాయించుటకు ఆయన భారతీయ చిత్రకారులను నియమించెను. వారు వేరు మొదలు విత్తు వఱకు ప్రతి భాగమును ఉన్నదున్నట్లు చిత్రించిరి. ఆ చిత్రములలో 300 మాత్రమే ఏరి, కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన మూడు సంపుటముల గ్రంథముగా 1795 మొదలుకొని లండనులో ముద్రించిరి. దానిపై రాక్స్‌బర్గు పేరున్నది. చిత్రకారుల పేర్లు లేవు. మొక్కల పేర్లను చెప్పిన రైతులును, అడవిబిడ్డలును, వైద్యులును ఎవరో మనకు తెలియదు. ఆ గ్రంథమును మెచ్చుకొనువారు వారిని కూడ స్మరింపవలెను.

1793లో రాక్స్‌బర్గు కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియయ్యెను. అప్పటికి అందు సుమారు 300 జాతుల మొక్కలు మాత్రమే యుండెను. ఇరువది యేండ్లలో వాని సంఖ్య 3,500కు పెరిగెను. 1813లో అనారోగ్యముచే ఆయన దేశమును విడిచిపోయెను. భారతదేశపు మొక్కలను వర్ణించు తన మహాగ్రంథపు వ్రాతప్రతిని మిత్రుడైన విలియం కేరీకి అప్పగించెను. అది అచ్చగుట చూచు భాగ్యము ఆయనకు లభింపలేదు. 1815లో ఎడింబరో నగరమున కన్నుమూసెను. కేరీ ఉద్యానమునందలి మొక్కల పట్టికను 1814లోనే ప్రకటించియుండెను. మహాగ్రంథము 1832లో మూడు సంపుటములుగా సంపూర్ణముగా వెలువడెను.

ఆ గ్రంథము మన భాషకు ప్రత్యుపకారము చేసినదని చెప్పవచ్చును. 1852లో అచ్చయిన తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువునందు చార్లెసు ఫిలిప్పు బ్రౌను పెక్కు చెట్ల పేర్లకు లాటిను పేర్లనిచ్చి, రాక్స్‌బర్గు పేరును సంక్షిప్తముగా ఉదాహరించెను. పల్లెవాని నోటినుండి శాస్త్రగ్రంథమునకు పోయిన మాట, మరల తెలుగు నిఘంటువునకు చేరినది. మోదుగ అను మాటను ఆ నిఘంటువులో చూచిన విద్యార్థి దాని లాటిను పేరును తెలిసికొని, ఆ పేరుతో వృక్షశాస్త్ర గ్రంథమును వెదకి, ఆకు మూడు దళములుగా నుండుననియు, పూవు చిలుకముక్కును బోలియుండుననియు చదువుకొనవచ్చును. తరువాత చెట్టు చెంతకు పోయి సరిచూచుకొనవచ్చును. పాత లాటిను పేర్లు కొన్ని ఈనాడు మారినవి. కావున పాత పుస్తకమును విప్పినవాడు క్రొత్త పుస్తకమును కూడ సంప్రదింపవలెను.

నీటిపాలైన సేకరణమును చూచి రాక్స్‌బర్గు నిరాశ చెందియున్నచో ఈ వెలుగు మనకు దక్కెడిది కాదు. బాలబాలికలారా, మీ ఇంటి పెరటిలోని ఒక్క మొక్క పేరునైనను పెద్దల నడిగి తెలిసికొని, నిఘంటువులో వెదకి, ఆకును పూవును పరిశీలించి వ్రాసియుంచుడు. సామర్లకోటలో ఆయన ప్రతి దినమును చేసిన పని అదియే.