నిజం రాసిన షోయబుల్లా ఖాన్

1948 మాట ఎత్తితే మన ఇళ్లలో పెద్దవాళ్లు గమ్మున అయిపోతారు. అందుకే ఆ సంవత్సరంలో ప్రాణం పోగొట్టుకున్న ఒక ఉర్దూ పత్రికా సంపాదకుడి గురించి మన పిల్లలకు తెలియదు. సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఆయన జీవితాన్ని క్లుప్తంగా పెడుతున్నాము.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17న అప్పటి వరంగల్ జిల్లా మానుకోట ప్రాంతంలోని సుబ్రవేడులో పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్‌గారు రైల్వే పోలీసు శాఖలో పనిచేసేవారు. ఉస్మానియాలో బి.ఏ. చదివిన ఈ యువకుడు సర్కారు నౌకరీ కోసం చూడలేదు. ముందు 'తేజ్'లో, తర్వాత మందుముల నరసింగరావుగారి 'రయ్యత్'లో చేరారు. రయ్యత్ అంటే ప్రజ. మన 'రైతు' అనే మాట కూడా అందులోంచి వచ్చిందే. నిజాం ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది.

షోయబ్ ఊరుకోలేదు. బూర్గుల రామకృష్ణారావుగారి తోడ్పాటుతో 1947 నవంబరు 15న 'ఇమ్రోజ్' దినపత్రిక మొదలుపెట్టారు. ఇమ్రోజ్ అంటే 'ఈరోజు' అని మేము బడిలో పిల్లలకు చెబుతుంటాము. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలనీ, రజాకార్ల దౌర్జన్యం ఆగాలనీ ఆ పత్రిక స్పష్టమైన ఉర్దూలో రాసింది. ఏడుగురు ముస్లిం పెద్దలు ఇదే కోరుతూ ప్రకటన చేస్తే, దాన్నీ అచ్చువేసింది. అంటే షోయబ్ ఒంటరివాడు కాడు. మనవాళ్లలో అలా ఆలోచించినవారు మరికొందరు ఉన్నారు.

చేతులు నరుకుతామని బెదిరింపులు వచ్చాయి. ఇంట్లో తల్లిదండ్రులు, భార్య ఉన్నారు. అయినా పత్రిక ఆగలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో ఇంటికి వస్తుండగా, కాచిగూడ లింగంపల్లి చౌరస్తా దగ్గర దుండగులు కాల్చారు. రాసే కుడిచేతిని నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ చెయ్యి కూడా తెగింది. 22వ తేదీ తెల్లవారుజామున షోయబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 27 ఏళ్లే. గోషామహల్ మాలకుంట ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. మరో 26 రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం సైన్యం లొంగిపోయింది. ఆయన కోరినది జరిగింది గాని, చూడడానికి ఆయన లేరు.

పోలీసు చర్య తర్వాత ఊళ్లలో ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలు పడిన కష్టాలు నిజమే. అంతకుముందు రజాకార్లు పల్లెల్లో చేసిన అఘాయిత్యాలూ నిజమే. ఒక నిజం చెప్పడానికి రెండోదాన్ని దాచనక్కర లేదు. తనవాళ్లు తప్పు చేసినా తప్పే అని రాసినవాడు షోయబుల్లా. ఉర్దూ అంటే నవాబుల భాష, రజాకార్ల భాష అని ఎవరైనా అంటే, ఇమ్రోజ్ కూడా ఉర్దూలోనే వచ్చిందని మన పిల్లలు జవాబు చెప్పగలగాలి.

ఏటా ఆగస్టు 22న ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కథ చెప్పమని తల్లిదండ్రులను కోరుతున్నాము. అల్లాహ్ ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.