కృష్ణా గోదావరుల మధ్య ఎవరెస్ట్

సర్వే ల్యాబ్‌లో థియోడొలైట్ బుడగను మధ్యకి తేవడానికే పావుగంట తిప్పలు పడే వాళ్లందరికీ ఈ కథ. ఎవరెస్ట్ అంటే మనకి శిఖరమే గుర్తొస్తుంది. ఆ పేరుగల మనిషి మాత్రం ముందు మన తెలంగాణ గుట్టలెక్కాడు.

జార్జ్ ఎవరెస్ట్ పుట్టింది 1790లో. పదహారేళ్లకే కంపెనీ ఫిరంగి దళంలో చేరి ఇండియా వచ్చాడు. 1818 చివర్లో హైదరాబాద్‌లో విలియం లాంబ్టన్‌కి అసిస్టెంట్ అయ్యాడు. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఒక బేస్‌లైన్ కొలిచి, అక్కణ్నుంచి త్రిభుజాలు అల్లుకుంటూ ఉత్తరానికి వస్తున్నాడు. ఒక భుజం తెలిస్తే చాలు, మిగతాది కోణాలూ సైన్ రూలూ. అయితే ఒక గుట్ట మీంచి ఇంకో గుట్ట కనపడాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా హాస్టల్ మేడెక్కితే నాకు నాలుగు వాటర్ ట్యాంకులు, ఒక కోచింగ్ సెంటర్ బోర్డు తప్ప ఏమీ కనపడవు. ఆయనకి అడ్డమొచ్చింది దుమ్ము. ఎండాకాలం గాలి మసకగా ఉంటుంది, వాన వెలిసాక అద్దంలా తేటపడుతుంది. అందుకే పని వానాకాలంలో పెట్టేవారు.

1819లో ఎవరెస్ట్‌కి అప్పగించింది కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతం. ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే పట్టుకుంటే మన బస్సు కృష్ణ వైపు పోతుందే, ఆ తూర్పు సీమ. వాగులు పొంగాయి. ఎల్లాపురం అడవుల్లో జ్వరం పట్టుకుంది. మలేరియా దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు. దాదాపు 150 మంది మంచాన పడ్డారు, తీసుకురావడానికి హైదరాబాద్ నుంచి ఏనుగులూ పల్లకీలూ వెళ్లాయి. 15 మంది దక్కలేదు. వాళ్లలో జెండాలు మోసినవాళ్లు, చెట్లు కొట్టినవాళ్లు ఎందరో! పుస్తకాల్లో వాళ్లు ఒక అంకెగానే మిగిలారు, నాకు అది మింగుడుపడదు.

ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ వెళ్లాడు. 1823లో లాంబ్టన్ పోయాక సర్వే ఆయన చేతికొచ్చింది. ఆ తర్వాత పద్ధతే మార్చేశాడు: పొడి కాలంలో, రాత్రి పూట, దీపాలు పెట్టి చూడటం. రాత్రి వక్రీభవనం ఎక్కువ, దూరపు దీపం కాస్త పైకి లేచి కనపడుతుంది. తేట గాలి కోసం వాన జ్వరాల్లోకి మనుషుల్ని తోలాల్సిన పని తగ్గింది. మంచి ఇంజనీరింగ్ అంటే నా లెక్కలో ఇదే, కాకపోతే ముందే తట్టుంటే బాగుండేది.

1843లో రిటైరయ్యాడు. 1865లో శిఖరానికి తన పేరు పెట్టారు, అది ఆయనకి ఇష్టం లేదు. మరుసటి ఏడే పోయాడు. ఇంకో సంగతి, ఆయన ఇంటిపేరుని పలకాల్సింది ఈవ్‌రెస్ట్ అని.