బోదకాలు మాత్రను ప్రసాదించిన యల్లాప్రగడ సుబ్బారావు

కన్నడిగులు ఆనెకాలు అనీ, మనం బోదకాలు అనీ పిలిచే వ్యాధికి బీదరు జిల్లా గ్రామాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటా మాత్రలు పంచిన సంగతి చిట్గుప్ప ప్రాంత పాఠకులు ఎరిగినదే. ఆ డి.ఇ.సి. మాత్ర వెనుక ఉన్నవాడు మన తెలుగువాడే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో కొద్దిరోజుల వ్యవధిలోనే కన్నుమూశారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మామగారి ధనసహాయంతో అమెరికా చేరి, రాత్రివేళ ఆసుపత్రిలో నౌకరుగా పనిచేస్తూ హార్వర్డులో చదివారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ వ్యాధికి ఔషధమైంది. సోదరులకు మాత్రం అది అందలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవులలోని అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దోమకాటుతో చేరే ఈ సన్నని పురుగులు శోషరస నాళాలలో కాపురం పెడతాయి. నాళాలు దెబ్బతిన్నచోట నీరు నిలిచి కాలు ఉబ్బుతుంది. అంతకుముందు ఆర్సెనిక్, ఆంటిమొనీ వంటి విషపదార్థాలతో చికిత్స చేసేవారు. సుబ్బారావు బృందం పెక్కు రసాయనాలను వ్యాధి సోకిన ఎలుకలపైనా, శునకాలపైనా పరీక్షించి, నోటితో మింగదగిన డి.ఇ.సి.ని 1947లో వెలువరించింది. మరుసటి సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ళకే, ఆయన న్యూయార్కు రాష్ట్రంలో నిద్రలోనే మరణించారు.

ఒక విశేషం గమనించదగినది. ఆ నాళాలు బతికి ఉన్న మనిషిలో ఎలా ఉంటాయో చిత్రంలో చూపే సాధనం ఆనాటి వైద్యులకు లేదు. 1952లో కిన్‌మంత్ అనే ఆంగ్ల వైద్యుడు నీలిరంగు ఎక్కించి నాళాన్ని గుర్తించి, అందులోనికి మందు పంపి ఎక్స్‌రే తీసే పద్ధతిని ప్రకటించారు. నేడు కొన్ని పెద్ద ఆసుపత్రులలో కాలివేళ్ళ సందున గాడోలినియం మందును సూదితో ఇచ్చి ఎం.ఆర్.ఐ. తీస్తారు. మందు పాకినంత మేర నాళాలు తెల్లగా మెరుస్తాయి. దారి ఎక్కడ మూసుకుపోయిందో శస్త్రవైద్యునికి తెలుస్తుంది.

అయితే ఆ చిత్రం తీయించుకునే స్థితి వచ్చేసరికి కాలు చెడిపోయి ఉంటుంది. డి.ఇ.సి. ముఖ్యంగా రక్తంలో తిరిగే పిల్లపురుగులను హరిస్తుంది. ఏళ్ళ తరబడి ఉబ్బిన కాలును మునుపటిలా చేయలేదు. ఒంట్లో ఏ బాధా లేనివారికి సైతం మాత్ర ఇచ్చేది ఇందుకే. గర్భిణులకు, రెండేళ్ళలోపు శిశువులకు, తీవ్ర వ్యాధిగ్రస్తులకు ఇవ్వరు. మిగిలినవారు దానిని చూరులో దాచక, కార్యకర్త ఎదుటే మింగవలసి ఉంటుంది.