మసి కింద మనిషి – బెర్ట్ విలియమ్స్

ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లో వార్షికోత్సవ నాటికలో నవ్వించే పాత్ర అనగానే ఎవరో ఒకరి ముఖానికి మసి పూసేవాళ్లం. పడీపడీ నవ్వేవాళ్లం. బెర్ట్ విలియమ్స్ గురించి చదివాక ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేస్తోంది.

ఆయన 1874లో బహామా దీవుల్లో జన్మించాడు. చిన్నతనంలోనే కుటుంబం అమెరికా చేరింది. అక్కడ అప్పటికే తెల్ల నటులు కాల్చిన బిరడా మసి పూసుకుని, పెదవులు లావుగా దిద్దుకుని, నల్లవాళ్లను సోమరులుగా, తెలివితక్కువవాళ్లుగా ఆడి చూపేవారు. పిల్లలు డబ్బులు దాచుకునే ఇనుప డిబ్బీలకూ అదే ముఖం! బొమ్మ చేతిలో నాణెం పెట్టి మీట నొక్కితే నోట్లో వేసుకుని మింగేది. పొదుపుతోపాటు ఆ పిల్లలు ఇంకేం నేర్చుకున్నారో వేరే చెప్పాలా?

విలియమ్స్ ఒంటిరంగు అంత నలుపు కాదు. అయినా ఆయనా మసి పూసుకునే వేదిక ఎక్కాడు. నల్లవాడే నల్లవాడి వేషం కట్టాడన్నమాట. మిత్రుడు జార్జ్ వాకర్‌తో కలిసి 1903లో, నల్లవాళ్లే రాసి ఆడిన 'ఇన్ దహోమీ' సంగీత నాటకాన్ని బ్రాడ్వేకు తెచ్చాడు. అదే ఏడాది లండన్ రాజభవనంలోనూ ఆడారు. 1910లో న్యూయార్క్‌లో పేరుపొందిన జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ ప్రదర్శనలో తెల్ల నటుల సరసన చేరాడు. మసి మాత్రం వదల్లేదు. కానీ దాని కింద ఆయన చూపింది అదృష్టం కలిసిరాని మామూలు మనిషిని. చప్పట్లు కొట్టిన ఊళ్లలోనే హోటళ్లు ఆయన్ను తెల్లవాళ్లతో సమానంగా చూడలేదు. ఆ బాధ మనకు ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

1922 ఫిబ్రవరిలో న్యుమోనియాతోనే ఆడుతూ డెట్రాయిట్ వేదికపై కుప్పకూలాడు. అదీ హాస్యమేననుకుని జనం నవ్వారు. మార్చి 4న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 47.