నది తబియత్ పురుగుల్లో చూసిన స్టీఫెన్ ఫోర్బ్స్

చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలున్న ఇళ్లలో చెప్పుకోదగ్గ జీవితం స్టీఫెన్ ఆల్ఫ్రెడ్ ఫోర్బ్స్‌ది. 1844లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టారు. పదేళ్లకే తండ్రి పోయారు, పెద్దన్న హెన్రీ సాకారు. 17 ఏళ్లకు అంతర్యుద్ధంలో గుర్రపు దళంలో చేరారు. 1862లో శత్రువులకు పట్టుబడి నాలుగు నెలలు ఖైదులో ఉన్నారు. అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు, గ్రీకు భాష నేర్చుకున్నారు!

యుద్ధం అయ్యాక డాక్టర్ చదువులో చేరి పూర్తి చేయలేకపోయారు. స్కూల్ టీచరుగా పనిచేశారు. 1872లో నార్మల్ అనే ఊళ్లో మ్యూజియం బాధ్యత దొరికింది. డిగ్రీ లేకుండానే 1884లో ఇండియానా యూనివర్సిటీ పీహెచ్‌డీ ఇచ్చింది.

ఆయన చాలా ఏళ్లు చేసిన పని ఏంటో తెలుసా? చేపల కడుపులు కోసి లోపల ఏముందో చూడటం. ఏ చేప ఏ పురుగు తింటుంది, ఆ పురుగు ఎక్కడ బతుకుతుంది... ఇలా ఒకదాని వెంట ఒకటి వెతుక్కుంటూ నది అడుగు బురద దాకా వెళ్లారు. 1894లో ఇల్లినాయ్ నది ఒడ్డున హవానాలో పరిశోధన కేంద్రం పెట్టించారు.

అసలు గొడవ 1900లో మొదలైంది. షికాగో మురుగంతా వాళ్లు తాగే మిషిగన్ సరస్సులోకే పోయేది. దాంతో కాల్వ తవ్వి, నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పి, మురుగును ఇల్లినాయ్ నదివైపు పంపేశారు. షికాగో ఊపిరి పీల్చుకుంది, కింద ఊళ్లకు ముప్పొచ్చింది. మిస్సోరి రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. టైఫాయిడ్ ఆ మురుగు వల్లే అని నిరూపించలేక 1906లో ఓడిపోయింది.

ఫోర్బ్స్, ఆయన సహచరుడు రాబర్ట్ రిచర్డ్‌సన్ నదిలో బతికే జీవులనే సాక్షులుగా పట్టుకున్నారు. ఒక సీసా నీళ్లు పరీక్షిస్తే ఆ రోజు సంగతే తెలుస్తుంది. కామర్స్ చదివినవాళ్ల భాషలో చెప్పాలంటే అది గల్లాలో ఈరోజు ఉన్న క్యాష్. అడుగున నెలల తరబడి ఉండే పురుగులు పాత లెక్కలున్న లెడ్జర్. మురుగు కుళ్లితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు మేఫ్లై పిల్లల్లాంటి సున్నితమైనవి ముందు పోతాయి. రక్తంలో హిమోగ్లోబిన్ ఉన్న సన్నని ఎర్ర పురుగులు మాత్రం తట్టుకుని గుంపులుగా పెరుగుతాయి.

ఈ ఆలోచన పూర్తిగా ఫోర్బ్స్‌దే అంటే తప్పు. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ 1908, 1909లోనే ఇలాంటి పద్ధతి రాశారు. కానీ ఒక పెద్ద నదిని ఏళ్ల తరబడి వదలకుండా చూసిన ఓపిక వీళ్లది. 1913లో ఇద్దరూ ఎగువ నదిని కుళ్లిన నీటి నుంచి శుభ్రమైన నీటి దాకా నాలుగు భాగాలుగా విడదీసి చూపించారు. ఆ తర్వాతి ఏళ్లలో మురుగు దెబ్బ ఇంకా కిందికి, పియోరియా దాకా పాకింది. అంతకుముందు అక్కడ నత్తలు, చిన్న ఆల్చిప్పలు ఉండేవి. తర్వాత తీసిన బురదలో ఎక్కువగా ఎర్ర పురుగులే వచ్చాయి. చేపలకు మేత పోయింది, జాలర్లకు బతుకుతెరువు పోయింది.

ఫోర్బ్స్ చివరిదాకా ఉద్యోగంలోనే ఉండి, 1930 మార్చిలో 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ తర్వాతి నెలలోనే, వేరే రాష్ట్రాలు వేసిన కేసులో, కాల్వలోకి సరస్సు నీళ్లు మళ్లించడం దశలవారీగా తగ్గించాలని సుప్రీంకోర్టు షికాగోను ఆదేశించింది. ఆలోపు మురుగు శుద్ధి ప్లాంట్లు కట్టుకోక తప్పలేదు.