జెర్డను - కలివికోడి

గోదావరి యొడ్డున, భద్రాచలమునకు ఎగువగా, దుమ్ముగూడెము చెంత పర్ణశాల యను గ్రామము కలదు. సీతారాములు వనవాసకాలమున అచట కుటీరము నిర్మించుకొనిరనియు, బంగారులేడి సీతాదేవి కంటబడినది ఆ తావుననే యనియు అచటివారి విశ్వాసము. పంచవటి తమదేయని నాసికమువారును చెప్పుదురు. ఆ వివాదము ఇచట అప్రస్తుతము. కథలోని లేడి మాయలేడి. అది మరెచ్చటను కనబడలేదు. కాని 1870వ సంవత్సర ప్రాంతమున, ఆ గోదావరి లోయలోనే, భద్రాచలము చెంతనే, ఒక భూగర్భశాస్త్రవేత్త ప్రపంచమున మరే దేశమునను లేని పక్షిని నిజముగా చూచెను. అంతకు ఇరువది సంవత్సరములకు పూర్వమే ఆ పక్షిని శాస్త్రలోకమునకు ఎరిగించిన వైద్యుడు థామస్ కావర్‌హిల్ జెర్డను.

జెర్డను 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హాము మండలమున జన్మించెను. వారిది స్కాట్లండు సరిహద్దు ప్రాంతపు కుటుంబము. ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయమున మొదట సాహిత్యము చదువ చేరి, పిదప వైద్యమునకు మరలెను. మందులలో చాలవరకు చెట్టుచేమలనుండి వచ్చు కాలమది. కావున వైద్యవిద్యార్థికి ప్రకృతిశాస్త్రమును అలవడుచుండెను. ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయవైద్యుడుగా చేరి, 1836 ఫిబ్రవరిలో ఆయన మదరాసు రేవున దిగెను.

మొదటి ఉద్యోగము గంజాములో. జ్వరములతోను, రక్తవిరేచనములతోను పడియున్న సిపాయిలకు చికిత్సచేయుట ఆయన పని. తీరిక దొరకినప్పుడు తూర్పు కనుమల యడవులలో పక్షులను సేకరించుచుండెను. మరుసటి సంవత్సరము ఆశ్వికదళ వైద్యుడై తిరుచిరాపల్లికి పోయెను. దళము కదలినప్పుడెల్ల ఆయనయు కదలుచు, దక్షిణదేశమును చాలవరకు చూచెను.

ఇంతలో ఒక విపత్తు సంభవించెను. అంతవరకు కూర్చిన పక్షి చర్మములను పేర్లు తెలియగోరి స్కాట్లండులోని విలియం జార్డిన్ అను పండితునకు ఆయన ఓడపై పంపెను. అవి చేరునప్పటికి పురుగులు తినివేసెను. ఎన్నియో నెలల శ్రమ బూడిదపాలయ్యెను. కాని ఆ నష్టమువలన ఒక లాభమును కలిగెనని చెప్పవచ్చును. దూరదేశపు పండితులు తీర్పు చెప్పువరకు వేచియుండుట మాని, జెర్డను తన కన్నులనే నమ్ముకొనెను. 1839, 1840 సంవత్సరములలో మదరాసు పత్రికయందు ఆయన ప్రకటించిన దక్షిణభారత పక్షుల పట్టికలో 420 జాతులు చేరినవి. అంతకుముందు కర్నలు సైక్సు వ్రాసిన పట్టికకు ఇది ఇంచుమించు రెండింతలు.

1841లో ఉదకమండలమున ఫ్లోరా అను యువతిని ఆయన వివాహమాడెను. ఆమెకు పూలమొక్కలపై మక్కువ. జెర్డనునకును మొక్కలతో మంచి పరిచయముండెను. రాబర్టు వైట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పడమటి కనుమలలోని ఒక చిన్న మొక్కకు జెర్డోనియా యని పేరిడెను. ఆ ప్రజాతిలో ఆ మొక్క యొక్కటే కలదు. అది పడమటి కనుమల దక్షిణభాగమున తప్ప వేరెచ్చటను పెరుగదు.

వివాహానంతరము జెర్డను నెల్లూరున సివిలు సర్జనుగా నియమితుడయ్యెను. ఆయన జీవితమున తెలుగుదేశమునకు మిక్కిలి ముఖ్యమైన ఘట్టమిదియే. చీమల నడవడిని ఓపికతో పరిశీలించి, ఆ విషయమై 1851లో ఆయన ప్రకటించిన వ్యాసము నేటికిని శాస్త్రజ్ఞులకు ఉపయోగించుచున్నది. ఎగిరి దుమికి ఎరను పట్టు చీమను మొదట వర్ణించినవాడు ఆయనయే. మదరాసులో యాబది రంగుబొమ్మలతో ఒక పక్షి చిత్రగ్రంథమును వెలువరించెను. ఆ చిత్రములలో చాలవరకు ఇచటి చిత్రకారులే వ్రాసిరి.

వేటగాండ్రును, డేగలను పెంచువారును చెప్పిన మాటలను జెర్డను శ్రద్ధతో వినెడివాడు. ఏ పక్షిని తెలుగువారు ఏ పేరుతో పిలుతురో అడిగి వ్రాసికొనెడివాడు. ఆయన గ్రంథములలో లాటిను పేర్ల ప్రక్కన బట్టమేక మొదలగు తెలుగు పేర్లును కనబడును. నెల్లూరు, కడప సీమల కొండలలో దొరకిన ఒక పరుగుపిట్టకు అడవి ఉత్తతిత్తి యని ఆయన పేరు వ్రాసెను. తిత్తియనగా సంచి, ఉత్తతిత్తియనగా ఏమియు లేని ఖాళీసంచి. ఎంత వెదకినను చేతికి ఏమియు దక్కనీయని పక్షికి ఆ పేరు చక్కగా అమరినది. కలివి పొదలయందు తిరుగును గావున కడప ప్రాంతమువారు దానిని కలివికోడి యందురు.

జెర్డను పంపిన నమూనాను కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమును చూచుచుండిన ఎడ్వర్డ్ బ్లైత్ పరిశీలించి, అది కొత్తజాతి యని 1848లో ప్రకటించెను. ఆ పక్షి పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. వీపు గోధుమవన్నె, కంటిపై తెల్లని చార, కంఠమున నారింజ ఛాయగల మచ్చ, రొమ్ముపై రెండు పట్టెలు. కాళ్లు పొడవు. ఎగురుటకంటె పరుగెత్తుటయే దానికిష్టము.

అది సమతలమునను, దట్టమైన అడవిలోను కనబడదని జెర్డను గుర్తించెను. మిట్టపల్లములతో రాళ్లు నిండిన నేలయందు, పలుచని చిట్టడవిలో మాత్రమే అది యుండును. ఏ జాతి యైనను ఒక ప్రాంతమున మాత్రమే యుండినచో దానిని స్థానీయ జాతి యందురు. అట్లుండుటకు కారణములు పలువిధములు. సముద్రముచేతనో పర్వతముచేతనో వేరుపడిన ప్రాణులు వేలకొలది తరములలో తమ బంధువులనుండి భిన్నములగును. కొన్నిటికి నేలయే ఎల్లగా నిలుచును. కడప, చిత్తూరు, నెల్లూరు కొండలయందు స్వయముగా పెరుగు రక్తచందనము ఇట్టిదే. కలివికోడి మరికొంత పట్టుదలగలది. పొదలు మిక్కుటమైనచో అది పరుగెత్తజాలదు. పూర్తిగా లేకున్నచో దాగజాలదు. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారునకు 300 మొదలు 700 వరకు గల చోటులయందు అది ఎక్కువగా సంచరించునని ఇరువదియొకటవ శతాబ్దపు పరిశోధకులు లెక్కించిరి. పశువుల మేతవలనను, కట్టెల నరకుటవలనను పొదల సంఖ్య మారును. కావున ఆ పక్షి నివాసము గొడ్డలికిని అడవికిని నడుమ నున్న సన్నని అంచు వంటిది.

1847 తరువాత జెర్డను తలచేరిలోను, ఉత్తరాన సాగరులోను పనిచేసెను. భారతదేశపు జంతువులన్నిటిని ఒకచోట వర్ణించు గ్రంథములు లేవనియు, అందుచేత దూరమున నుండు ఉద్యోగులు తాము చూచిన ప్రాణిని గుర్తింపజాలకున్నారనియు ఆయనకు తోచెను. గవర్నరు జనరలు కానింగు ప్రభువు ఆ యాలోచన మెచ్చి, ఆయనకు గ్రంథరచనయే ఉద్యోగముగా ఏర్పాటుచేసెను. 1862 మొదలు 1864 వరకు వెలువడిన ఆయన భారత పక్షుల గ్రంథమున 1008 జాతుల వర్ణనము కలదు. 1867లో క్షీరదముల గ్రంథము వెలువడెను. పంజాబు, కాశ్మీరము, బర్మా, అస్సాము అంతట ఆయన సంచరించెను. 1868లో ఉద్యోగవిరమణము చేసిన పిదపను ఆ సంచారము ఆగలేదు. అస్సామున జ్వరము పట్టి ఆరోగ్యము చెడగా, 1870లో స్వదేశమునకు మరలిపోయెను. 1872 జూన్ 12వ తేదీన లండను చెంత నార్వుడ్‌లో మరణించెను. అప్పటికి ఆయనకు అరువదేండ్లు.

గోదావరి లోయలో రాతిపొరలను పరిశీలించుచు, సిరొంచ, భద్రాచలముల చెంత కలివికోడిని చూచిన భూగర్భశాస్త్రవేత్త విలియం బ్లాన్‌ఫర్డ్. ఆయనకు రాళ్లవలెనే ప్రాణులును చరిత్ర చెప్పునవి. భారతదేశపు జంతువులలో కొన్నిటికి ఆఫ్రికా బంధుత్వము కలదని 1876లో వాదించెను. కలివికోడియే దానికి మంచి నిదర్శనము: ఆ ప్రజాతిలోని తక్కిన పక్షులన్నియు ఆఫ్రికావాసులు. ఒకానొక కాలమున ఎండుపొదల భూమి అవిచ్ఛిన్నముగా వ్యాపించియుండి, నడుమ తెగిపోగా, ఒక శాఖ ఇచట మిగిలినదని ఊహింపవచ్చును. జెర్డను తలపెట్టిన పనిని విస్తరించి సాగించిన గ్రంథమాలకు ఈ బ్లాన్‌ఫర్డే మొదటి సంపాదకుడు.

1900లో హోవర్డ్ కాంప్‌బెల్ అనువారు అనంతపురము చెంత ఈ పక్షిని చూచిరి. ఆ పిదప దాని జాడలేదు. సంవత్సరములు గడచినకొలది అది నశించినదనియే పలువురు తలచిరి. వెదకినవారు పగటివేళ వెదకిరి. ఇతర పరుగుపిట్టలు కొన్ని పగలే తిరుగును గదా! కలివికోడియో రాత్రి సంచరించునది. ప్రొద్దుక్రుంకిన ముప్పావుగంటకు రెండక్షరముల కూతను కొద్దిసేపు కూసి, తరువాత మౌనము వహించును.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పరిశోధకులు కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున దానిని మరల కనుగొనిరి. పిట్టలు పట్టు స్థానికుల తెలివియే దీనికి తోడ్పడెను. జెర్డను అడిగి తెలిసికొన్న వారివంటివారినే వీరును అడిగిరి. దీపపు వెలుగున నిలిచిపోయిన ఆ పక్షి చేతికి చిక్కెను, కొద్దిదినములకే మరణించెను. పిమ్మట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. 1988లో ఆ పక్షి చిత్రముతో భారత తపాలాశాఖ ఒక బిళ్ళను వెలువరించెను. తెలుగుగంగ కాలువ త్రవ్వకము 2005 ప్రాంతమున దాని పొదల నేలను సమీపింపగా ఆందోళన కలిగెను. రాయలసీమకు నీరు ప్రాణావసరము. పక్షికి నేల ప్రాణావసరము. చివరకు కాలువ దారిని మార్చిరి.

దాని గ్రుడ్డు ఎట్టిదో చాలకాలము తెలియదు. 1917లో కోలారు బంగారుగనుల చెంత ఒక పశువైద్యుడు సేకరించిన గ్రుడ్డు స్కాట్లండులోని ఆబర్డీను విశ్వవిద్యాలయ మ్యూజియమున నుండెను. 2013లో దానిని పరీక్షించి, లండను మ్యూజియమునందలి పాత చర్మపు అణుద్రవ్యముతో పోల్చి చూడగా, అది కలివికోడి గ్రుడ్డే యని నిర్ధారణ యయ్యెను.