మాతామహి రుద్రమ

తెలుగు మాట్లాడే ప్రాంతాలను ఒకే పాలన కిందికి తెచ్చిన రాజవంశాలలో కాకతీయ వంశం సుప్రసిద్ధమైనది. ఓరుగల్లు రాజధానిగా సాగిన ఆ వంశపాలనలో రుద్రమదేవి కాలం విశిష్టమైనది. తండ్రి అప్పగించిన రాజ్యాన్ని ఎడతెగని యుద్ధాల నడుమ కాపాడి, తన కుమార్తె కుమారునికి అందించిన మాతామహి ఆమె. ఆ రాజ్యరక్షణలోనే ఆమె జీవితం ముగిసింది.

రుద్రమదేవి తండ్రి గణపతిదేవ చక్రవర్తి. 1199 నుండి ఆరు దశాబ్దాలకు పైగా పాలించిన ఆ మహారాజుకు పుత్రసంతానం లేదు. అందువల్ల ఆయన తన కుమార్తెనే వారసురాలిగా నిర్ణయించి, రాజ్యభారం వహించడానికి తగిన విధంగా తీర్చిదిద్దాడు. ఆమెకు రుద్రదేవ మహారాజు అన్న పురుషనామం ఏర్పడింది. ఆ కాలపు శాసనాలు కొన్ని ఆమెను ఈ పేరుతో పేర్కొన్నాయి. నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రునితో ఆమె వివాహం జరిగింది. ఆమె కుమార్తెలలో ముమ్మడమ్మ మహాదేవుని భార్య. ఆ దంపతుల కుమారుడే ప్రతాపరుద్రుడు. మరొక కుమార్తె రుయ్యమ్మ ఇందులూరి అన్నయమంత్రిని వివాహమాడింది.

తండ్రి జీవించి ఉన్నప్పుడే రుద్రమ పాలనలో పాలుపంచుకొన్నది. 1261 నాటి మల్కాపురం శాసనం ఇందుకు నిదర్శనం. విశ్వేశ్వర శివాచార్యులకు గణపతిదేవుడు మందడం గ్రామాన్ని ఇవ్వగా, రుద్రమదేవి వెలగపూడి గ్రామాన్ని ధారపోసింది. ఆ గ్రామాల ఆదాయంలో ఒక భాగం దేవాలయానికి, ఒక భాగం మఠానికి, విద్యార్థులకు, మిగిలిన భాగం ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రాల నిర్వహణకు కేటాయించారు. స్త్రీల ప్రసవానికి ప్రత్యేకంగా ఒక శాల ఉండాలన్న ఆలోచన పదమూడవ శతాబ్దంలోనే ఆచరణలోకి రావడం గమనింపదగిన విషయం.

అయితే ఆమెకు సంక్రమించినది నిష్కంటకమైన రాజ్యం కాదు. 1263 ప్రాంతంలో నెల్లూరు సమీపంలోని ముత్తుకూరు వద్ద కాకతీయ సైన్యం పాండ్యుల చేతిలో ఓడిపోయింది. దక్షిణాన పలుకుబడి సన్నగిల్లింది. స్త్రీ సింహాసనం ఎక్కడం సహించని సామంతులు కొందరు ఎదురుతిరిగారు. అటువంటి సమయంలో రేచర్ల ప్రసాదిత్యుడు, కాయస్థ జన్నిగదేవుడు మొదలైన వీరులు ఆమె పక్షాన నిలిచారు. వారి అండతో రుద్రమ అంతఃకలహాలను అణచివేసింది.

ఇంటి పోరు ముగియకముందే పొరుగు రాజుల దండయాత్రలు మొదలయ్యాయి. తూర్పున వేంగిపైకి వచ్చిన గాంగసేనలను పోతినాయకుడు, ప్రోలినాయకుడు తరిమివేశారు. పడమట దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తి వచ్చాడు. ఈ యుద్ధాన్ని గురించి యాదవుల ఆస్థానపండితుడు హేమాద్రి తన గ్రంథంలో ప్రస్తావిస్తూ, స్త్రీ అన్న కారణంతో తమ రాజు రుద్రమను విడిచిపెట్టాడని చెప్పుకొన్నాడు. కాని బీదరు కోటలో లభించిన శాసనఖండం ఆమె విజయాన్ని చాటుతున్నది. యాదవరాజ్యంలోని ఆ ప్రాంతం వరకు కాకతీయ సైన్యం చొచ్చుకొని పోయిందని దానివల్ల తెలుస్తున్నది. శత్రువు దయ చూపాడని వ్రాసుకొన్న చోటనే ఆమె పరాక్రమం శిలాక్షరమై నిలిచింది.

శత్రురాజులనే ఏనుగులకు సింహం వంటిదని అర్థమిచ్చే రాయగజకేసరి బిరుదును రుద్రమ ధరించింది. ఓరుగల్లు కోటలోని స్వయంభూదేవుని ఆలయానికి ఆమె రంగమండపం నిర్మింపజేసింది. కటారి, డాలు చేతబట్టి సింహంపై ఆసీనురాలైన స్త్రీమూర్తి అక్కడి శిల్పాలలో కనిపిస్తుంది. ఆ మూర్తి రుద్రమదేవిదేనని చరిత్రకారులు భావించారు. తండ్రి కట్టించిన రాతికోటను ఆమె మరింత పటిష్ఠం చేసింది. పుట్టుకతో వచ్చిన ఆధిక్యం కంటె సామర్థ్యానికి విలువనిచ్చి, అనేకులను నాయకులుగా నియమించింది. కాకతీయ సైన్యానికి వెన్నెముక అయిన నాయంకర విధానానికి ఈ విధంగా పునాది పడింది. మోటుపల్లి రేవును, ఆ దేశపు వజ్రాలను, సన్నని వస్త్రాలను వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, న్యాయాన్నీ శాంతినీ ప్రేమించిన రాణిగా ఆమెను కొనియాడాడు.

రుద్రమకు కూడా కుమారులు లేరు. తన తండ్రి కుమార్తెను వారసురాలిని చేయగా, ఆమె కుమార్తె కుమారుడైన ప్రతాపరుద్రుని వారసునిగా స్వీకరించింది. ఈ బాలుడు అమ్మమ్మ నీడలో రాజనీతిని, యుద్ధవిద్యను అభ్యసించాడు.

మనుమడు ప్రయోజకుడైన తరువాత ఆమె విశ్రమించి ఉండవచ్చు. కాని కాలం అందుకు అవకాశం ఇవ్వలేదు. ఒకనాడు తనకు అండగా నిలిచిన జన్నిగదేవుని తమ్ముడే అంబదేవుడు. అతడు కాయస్థ రాజ్యానికి అధిపతి అయిన తరువాత విధేయతను విడనాడాడు. యాదవులతో, పాండ్యులతో మైత్రి నెరపి స్వతంత్రుడయ్యాడు. అతనిని ఎదుర్కొనడానికి రుద్రమదేవి వృద్ధాప్యంలో సైతం వెనుకాడలేదు.

ఆ తరువాతి వృత్తాంతాన్ని నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనం తెలుపుతున్నది. అది 1289 నవంబరు 27వ తేదీ నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాన్నిధ్యం చేరుకొన్నారని, వారి పుణ్యం కొరకు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు ఆలయానికి భూమిని దానం చేశాడని అందులో ఉంది. మల్లికార్జునుని జయించినట్లు అంబదేవుడు 1290 నాటి త్రిపురాంతక శాసనంలో చెప్పుకొన్నాడు. ఈ రెండింటినీ సమన్వయించిన చరిత్రకారులు, రాణి, సేనాని అంబదేవునితో జరిగిన పోరులోనే వీరమరణం పొందారని నిర్ణయించారు. మహారాణి మరణవార్తను మనకు అందించినది ఆస్థానకవి కావ్యం కాదు. ఒక సామాన్య సేవకుని కృతజ్ఞత. భూమిని దానమిచ్చి అతడు ఆమె పేరును రాతిపై నిలిపాడు.

మనుమడు ప్రతాపరుద్రుడు మాతామహి ఋణాన్ని మరొక విధంగా తీర్చుకొన్నాడు. రాజ్యానికి వచ్చిన వెంటనే అతడు అంబదేవునిపై సైన్యాన్ని నడిపించాడు. రుద్రమ అల్లుడు అన్నయమంత్రి కూడా అందులో పాల్గొన్నాడు. 1291లో త్రిపురాంతకం తిరిగి కాకతీయుల వశమైంది. అంబదేవుని ప్రాభవం అంతరించింది. ఆమె ఆరంభించిన నాయంకర విధానాన్ని ప్రతాపరుద్రుడు విస్తరింపజేశాడు. విద్యానాథుని వంటి పండితులను ఆదరించాడు. ఢిల్లీ సుల్తానుల దండయాత్రలను అనేక పర్యాయాలు ఎదుర్కొన్నాడు. చివరకు 1323లో ఓరుగల్లు పతనమైంది. బందీగా ఢిల్లీకి తరలింపబడుతూ నర్మదానదీ తీరంలో అతడు తనువు చాలించాడు.

రాజ్యాలు పుడతాయి, గతిస్తాయి. మాతామహి కాపాడిన రాజ్యం మనుమనితో ముగిసిపోయింది. అయినా మూడు తరాల ఈ చరిత్ర నేటికీ ఒక సత్యాన్ని బోధిస్తున్నది. పెద్దలు పడిన కష్టాన్ని గుర్తించడం ఒక గౌరవం. వారు సగంలో విడిచిన కార్యాన్ని చేపట్టి పూర్తిచేయడం అంతకు మించిన గౌరవం. ఆ సేవకుడు మొదటిదాన్ని, ఆ మనుమడు రెండవదాన్ని నెరవేర్చారు. ఇద్దరికీ స్ఫూర్తి రుద్రమదేవియే.